కిటికీల రోజు

అయిదేళ్ళ వయసులో నేను నాలుగో క్లాసులో కూచున్నాను. ఈ మాట నా మనవలకి లెక్కలేనన్నిసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా కాస్త పెంచాను. ఫాదరుగారు నన్ను గుడి గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నలడిగారనీ, నేను పెద్ద జపాలన్నీ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాననీ, ఆయన పంతులుగారి వైపు తిరిగి, ఈ పిల్లాణ్ణి ఒకటో క్లాసులో కూచోబెడితే మనకే పాపం అన్నారనీ చెప్పేవాణ్ణి. పోయినసారి చెప్పినప్పుడు ఫాదరుగారి కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించాను.

కూచున్న మాట నిజం. మిగతాదంతా అబద్ధం. ఎందుకు కూచోబెట్టారో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. మనవలకి అది ఎప్పుడూ చెప్పలేదు.

మా పల్లె కారంపూడికి నడిచి పోయేంత దూరం. మాకు గుడే బడి. ఆదివారం పూజ, మిగతా రోజులు పాఠాలు. నాపరాళ్ళు పరిచిన పొడుగాటి హాలు ఒక్కటే. మధ్యలో గోడల్లేవు, తడికెల్లేవు. దక్షిణం గోడకి అయిదు కిటికీలుండేవి. కిటికీకో క్లాసు. గుమ్మం పక్కది ఒకటో క్లాసు, బలిపీఠం దగ్గరది అయిదో క్లాసు. ఒకటో కిటికీ కింద ఎండా, దుమ్మూ, అందరి కాళ్ళ మట్టీ. అయిదో కిటికీ కింద చల్లగా ఉండేది. అక్కడ ఒక బెంచీ, గోడకి ఇండియా పటం. మేమెవరం క్లాసు అనే మాట వాడేవాళ్ళం కాదు. "ఏ కిటికీరా నువ్వు?" "రెండో కిటికీ." పెళ్ళి సంబంధాల్లో కూడా పిల్లోడు అయిదు కిటికీలూ అయినోడని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇది కొంచెం పెంచాను. ఒకే ఒక్క సంబంధంలో అన్నారు, అదీ వెక్కిరింతకి.

అయిదు కిటికీలకీ పంతులుగారు ఒక్కరే. ఆయనే మా గుడికి ఉపదేశి కూడా. ఆదివారం జపాలు చెప్పించేదీ, ఎవరన్నా పోతే సమాధుల దాకా పాటలు పాడించేదీ ఆయనే. మంచివాడు. సన్నటి మెడ, ఎప్పుడూ బొంగురు గొంతు. అయిదు క్లాసులకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిస్తే ఎవరి గొంతన్నా అట్టాగే అవుద్ది.

జూన్‌లో బడి తెరిచాక మొదటి సోమవారం కిటికీల రోజు. చుట్టుపక్కల పల్లెల గుళ్ళన్నీ చూసుకునే ఫాదరుగారు ఆ రోజు మోటారు సైకిల్ మీద వచ్చేవాళ్ళు. తెల్ల అంగీ మా ఊరు చేరేసరికి ఎర్రటి అంగీ అయ్యేది. పిల్లలందరం గుమ్మం బయట ఇళ్ళ వరసన నిలబడేవాళ్ళం. పిలిచినవాళ్ళు పలక పట్టుకుని లోపలికి పోవాలి. ఫాదరుగారు కుర్చీలో కూచుని ఒక జపం అడుగుతారు, ఒక లెక్క అడుగుతారు, ఒక పేజీ చదివిస్తారు. పంతులుగారు వంగి ఆయన చెవిలో ఏదో చెప్తారు. తర్వాత ఫాదరుగారు వేలు చూపిస్తారు. ఆ వేలు ఏ కిటికీ వైపు పోతే ఆ ఏడంతా అక్కడే. పైకి పంపినా, కిందకి పంపినా గోడ వెంబడి ఆ రాళ్ళ మీద ఒక్కళ్ళే నడిచి పోవాలి, హాలంతా చూస్తుంటే.

ఈ పద్ధతికి తోడు ఇంకో పద్ధతి ఉండేది. ఆడపిల్ల చంకలో చిన్నపిల్లనో పిల్లోణ్ణో ఎత్తుకొస్తే, ఆమెకి ఎంత చదువొచ్చినా సరే, ఆ చంకపిల్లతో పాటు ఒకటో కిటికీ కిందే కూచోవాలి. గోడల్లేని హాల్లో ఒక చిన్నపిల్ల ఏడుపందుకుంటే అయిదు క్లాసులూ ఆగిపోతాయి. పెద్దది పక్కనుంటే ఏడవదు. పల్లెలో తల్లులందరూ తెల్లారేసరికి కలుపులకి పోయేవాళ్ళు, ఇంట్లో చిన్నాళ్ళని చూసేది ఆడపిల్లే. ఆ పిల్ల అసలు బడి మొహమే చూడకుండా పోయే బదులు చంకపిల్లతో సహా రానిద్దామని ఎప్పుడో ఒక ఫాదరుగారు దయతో పెట్టిన పద్ధతి ఇది. దయతోనే పెట్టారు, అందులో నాకు అనుమానం లేదు.

మగపిల్లలకి చంకపిల్ల ఉండదు.

అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మూడో కిటికీ కింద ఉన్నప్పుడే అయిదో కిటికీ వాళ్ళ వాచకం అడుక్కుని చదివేది. ఆ ఏడే నాన్న సాగర్ డ్యాం దగ్గర రాళ్ళు మొయ్యడానికి పోయాడు. ఎప్పుడో నెలకోసారి వచ్చి, ఒళ్ళంతా నొప్పులని పడుకుని, మళ్ళీ పోయేవాడు. అమ్మ మిరప చేలల్లో కలుపుకి పోయేది. నాకు నాలుగేళ్ళు. నన్ను చూసేవాళ్ళు లేక, జూన్‌లో కిటికీల రోజున అక్క నన్ను చంకనేసుకుని వరసలో నిలబడింది. ఫాదరుగారు చదవమన్నారు. చదివింది. "చానా బాగా చదివావు తల్లీ" అన్నారు. అని, ఒకటో కిటికీ వైపు వేలు చూపించారు.

ఆ రోజు అక్క నడిచిన నడక నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుందని రాయబోయాను. ఏం లేదు. నేను ఆమె చంకలోనే ఉన్నాను, నాకు కనిపించింది ఆమె చెవి పోగొక్కటే. నడక సంగతి తర్వాత అమ్మ ఎవరో చెప్పగా విని నాకు చెప్పింది.

అక్కకి ఒకటే కోరిక. గుంటూరు వైపు సిస్టర్ల బోర్డింగొకటి ఉండేది. అయిదో క్లాసు పాసైన ఆడపిల్లల్ని తీసుకపోయి, అన్నం పెట్టి, ఎనిమిది దాకా చదివించి, టీచరు ట్రైనింగు ఇప్పించేవాళ్ళు. మా పల్లె నుంచి ఒకామె అట్టా పోయి మాచర్లలో టీచరమ్మయింది. ఏటా పునరుత్థాన పండక్కి చేతికి గడియారం పెట్టుకుని వచ్చి, గుళ్ళో ముందు వరసలో కూచునేది. పూజంతా అక్క ఆమె వీపు వైపే చూసేదని అమ్మ తిట్టేది.

అమ్మ కూడా ఒక మాటిచ్చింది. "నీకు పదమూడో ఏడు వచ్చేలోపల అయిదో కిటికీ ఎక్కావనుకో, సిస్టర్ల దగ్గరికి పంపిస్తా. ఎక్కలేదనుకో, ఎడ్లపాడు వాళ్ళు అడుగుతానే ఉన్నారు, ఇచ్చేస్తా. ఆ పైన నన్ననొద్దు."

అందుకని మరుసటేడు కిటికీల రోజు పొద్దున అక్క అమ్మ వెంటపడింది.

"అమ్మా, ఇయ్యాల్టి నుంచి ఈణ్ణి నువ్వు చేలోకి తీసకపో."

"తీసకపోతే ఆసామి ఊరుకుంటాడంటే? మొక్కలు తొక్కుతున్నాడని పోయినేడే గెంటాడు."

"పోనీ ఫాదరుగారికి ఒక్క మాట చెప్పు."

"నేనేం చెప్తానే, ఆయన ముందు నాకు నోరు పెగలదు. నీకుందిగా నోరు, నువ్వే అడుగు."

అక్క అడిగింది. అడగడం నేను విన్నాను, అప్పటికి నాకు అయిదేళ్ళు. "ఫాదరుగారూ, నన్ను నాలుగో కిటికీకి పంపండి. తమ్ముడు ఏడవకుండా నేను చూసుకుంటా." ఆయన పంతులుగారి వైపు చూశారు. పంతులుగారు తల గోక్కున్నారు. ఫాదరుగారికి నవ్వొచ్చింది. "పిల్లోడితో పాటు అక్కని దించుతున్నాం గదా పంతులూ. ఈ ఒక్క ఏడూ అక్కతో పాటు పిల్లోణ్ణే ఎక్కిద్దాం."

ఇదీ నా డబుల్ ప్రమోషన్. పేరుకి నన్ను కూడా ఒక జపం చెప్పమన్నారు. పరలోక జపంలో అన్నం అనే మాట దాకా వచ్చి ఆగిపోయి, పాలపిండి ఎప్పుడిస్తారని అడిగాను. అప్పట్లో బడిలో పిల్లలకి పాలపిండి కలిపి పోసేవాళ్ళు. హాలంతా నవ్వింది. అక్క నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని నాలుగో కిటికీకి లాక్కుపోయింది. ఆ పట్టు మాత్రం నిజంగానే గుర్తుంది, వేళ్ళు నొప్పెట్టాయి.

నాలుగో కిటికీ కింద నేను చేసిన ఘనకార్యాలు చెప్తాను. మొదటి వారం అక్క బలపం తినేశాను. తర్వాత ఆమె ఒళ్ళో నిద్రపోయాను, అది నయం. ఆ తర్వాత పక్కవాడి పలక మీద ఒంటేలు పోశాను. అక్క ఒక చేత్తో నన్ను నొక్కిపట్టి ఇంకో చేత్తో భాగహారాలు చేసేది. నాలుగో కిటికీ పిల్లలు, "ఏమే, నీ కోతిని కట్టేసుకో" అనేవాళ్ళు. "మీకన్నా నయం, ఈడు ఎక్కాలైనా వింటున్నాడు" అనేది.

నాలుగో కిటికీకి రెండు కమ్మీలు ఊడిపోయి ఉండేవి. ఒకరోజు బయట గాడిదేదో అరుస్తుంటే చూడటానికి గూట్లోకెక్కాను. అక్క పలక మీద లెక్క చేస్తోంది. నేను అవతలికి పడ్డాను. గుడి వెనక దొంతి పెట్టిన నాపరాళ్ళ మీద. నా ఎడమ మోచెయ్యి ఇప్పటికీ వంకరే. కోడెగిత్త కొమ్ములు పట్టుకుని ఆపినప్పుడు విరిగిందని మా మనవలకి చెప్పాను. గిత్త లేదు, కొమ్ముల్లేవు. గాడిద కూడా నా దాకా రాలేదు.

గురజాలలో ఎముకలకి కట్టు కట్టే సాయిబు దగ్గరికి నన్ను మోసుకుపోయారు. తిరిగొచ్చాక అమ్మ అక్కని కొట్టింది. ఎంత కొట్టిందో రాయను. అక్కడ నేను పెంచాల్సిన పనేం లేదు.

మర్నాడు ఫాదరుగారి వేలు అక్కర్లేకపోయింది. నన్ను కట్టు చేత్తో సహా చంకనెత్తుకుని, పలక పట్టుకుని, అక్కే ఒకటో కిటికీ దగ్గరికి పోయి కూచుంది. 

ఆ తర్వాత జరిగినదానికి ఎవరినని అంటాను. ఊరికే కూచోలేక అక్క ఒకటో కిటికీ పిల్లలకి ఓనమాలు దిద్దించడం మొదలుపెట్టింది. ముక్కులు తుడిచేది, కొట్టుకుంటే విడదీసేది, జపాలు చెప్పించేది. కొన్నాళ్ళకి పంతులుగారు ఒకటో కిటికీ వైపు చూడటం మానేశారు. "నువ్వుంటే నాకొక కిటికీ మూసేసినంత సుఖంగా ఉందమ్మాయ్" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. అక్క కూడా మెచ్చుకోలుగానే తీసుకుంది, ఇంటికొచ్చి అమ్మకి చెప్పింది.

నాకు ఆరేళ్ళొచ్చాక ఒంటరిగా రెండో కిటికీకి పోయాను. ఇక అక్క పైకి పోవచ్చు. కానీ ఆ జూన్‌కి, నా తర్వాత పుట్టిన చెల్లెలు నడక నేర్చింది. పాకే పిల్లనైతే అమ్మ చేను గట్టున ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది, నడిచే పిల్లని అట్టా కుదరదు. చెల్లెలు చంకెక్కింది. అక్క మళ్ళీ ఒకటో కిటికీ.

ఆమె పొడుగైపోయింది. చిన్నాళ్ళ మధ్య కూచుంటే జొన్నచేలో దిష్టిబొమ్మలా ఉండేది. అయిదో కిటికీ మగపిల్లలు పోతూ పోతూ, "ఒకటో కిటికీ ముసలమ్మా, ఇయ్యాల అక్షరాలొచ్చినయ్యా?" అనేవాళ్ళు.

"ఒరేయ్, నీ తమ్ముడికి పేరు రాయడం నేర్పింది ఈ ముసలమ్మే. నువ్వు నీ పేరు తప్పు లేకుండా రాయి, చూద్దాం" అనేది.

ఆమె చెవులు మాత్రం ఒకటో కిటికీ కింద లేవు. గోడల్లేని హాలు కదా, అయిదు క్లాసుల పాఠాలూ గాల్లోనే ఉండేవి. చెల్లెల్ని ఒళ్ళో ఊపుతూ అయిదో కిటికీ పాఠం పెదాలతో చెప్పుకునేది. ఇంటికి పోయే దారిలో నాకు అప్పజెప్పేది. అన్నీ వచ్చేసినయ్యని చెప్పలేను, లెక్కల్లో బోర్డు కనపడక చానా పోయేవి. వాచకం మాత్రం చూడకుండా చెప్పేది.

ఆమెకి పదమూడో ఏడు వస్తుండగా కిటికీల రోజు వచ్చింది. అదే ఆఖరిదని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ ఆ పొద్దున అక్కకి తల దువ్వి, తన రిబ్బనేదో వెతికి కట్టింది.  నేను మూడో కిటికీకి పోవాల్సిన ఏడు అది. నన్ను తొందరగానే పంపించారు, వెళ్ళి కూచున్నాను. కాబట్టి ఇక్కడి నుంచి నేను చూసిందే.

చెల్లెలు చంకలో ఉంది. ఫాదరుగారు అయిదో వాచకం తీసిచ్చారు. అక్క పేజీ చూసి, పుస్తకం మూసి, చెప్పేసింది. ఆయన ఇంకో పేజీ తీశారు. అదీ అయింది. పంతులుగారు వంగి చెవిలో చెప్పబోయారు. ఫాదరుగారు తల అడ్డంగా ఊపారు.

"ఒక్క ఏడన్నా చూద్దాం పంతులూ. చంటిదాన్ని ఒకటో కిటికీలో వదిలెయ్యమనండి. అలవాటు పడుద్ది."

వేలు అయిదో కిటికీ వైపు చూపించారు.

అక్క చెల్లెల్ని ఒకటో కిటికీ కింద దించింది. చేతిలో బలపం పెట్టింది. దాని తల నిమిరి, లేచి, గోడ వెంబడి నడిచింది. రెండో కిటికీ దాటింది. నన్ను దాటేటప్పుడు నా వైపు చూడలేదు. నాలుగోది దాటింది. బెంచీ చివర కూచుంది. అప్పటిదాకా బడిలో ఆమె బెంచీ మీద కూచోలేదు, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకటి రెండుసార్లు జరుపుకుంది.

ఆమె కూచునేదాకా కూడా చెల్లెలు ఆగలేదు.

అది ఎట్టాంటి ఏడుపో చెప్పడానికి నాకిప్పుడు కూడా మాటల్లేవు. మొదటిరోజు ఫాదరుగారు నవ్వి, ఏడ్చి ఏడ్చి అదే ఆగుద్దిలే అన్నారు. మధ్యాన్నం మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఏడుపు మాతో ఉండిపోయింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. అక్కని వదలగానే మొదలు. గోడ పట్టుకుని అయిదో కిటికీ వైపు వచ్చేది, పంతులుగారు ఎత్తుకుపోయి మళ్ళీ దించేవారు. కక్కుకునేది. దాన్ని చూసి ఒకటో కిటికీ చిన్నాళ్ళందరూ అందుకునేవాళ్ళు. అయిదు క్లాసులూ ఆగిపోయేవి.

అక్క వెనక్కి తిరిగేది కాదు. పుస్తకం మీద రెండు చేతులూ పరిచి, వేళ్ళు నొక్కిపెట్టి కూచునేది.

ఒకరోజు పంతులుగారికి విసుగొచ్చింది. బెత్తం బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్కని రమ్మనలేదు. తిట్టలేదు. అట్టా నిలబడ్డారంతే. ఆయన్ని చూసి మేమందరం రాయడం ఆపి అక్క వైపు చూశాం. హాలంతా ఆమె వైపే చూస్తోంది, చెల్లెలు మాత్రం నాపరాళ్ళ మీద పడి ఏడుస్తోంది.

అప్పుడు నేను లేచాను. చెల్లెల్ని ఎత్తుకుని మూడో కిటికీకి తెచ్చుకుని నా ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. "అక్కా, నువ్వు చదువుకో, దీన్ని నేను చూసుకుంటా" అన్నాను.

ఇది నేను చెల్లెలికి చెప్పిన కథ. అది నమ్మింది. ఇప్పుడు దానికీ మనవలున్నారు, ఇప్పటికీ నమ్ముతోంది. మా అన్న అంత మంచోడని వాళ్ళకీ చెప్తుందంట.

నేను లేవలేదు. లేవొచ్చని నాకు తట్టలేదు కూడా. పంతులుగారికీ తట్టలేదు, అంత చదువుకున్న ఫాదరుగారికీ తట్టలేదు. మూడో కిటికీ కింద ఆ పిల్లకి సొంత అన్న ఒకడు ఖాళీగా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూచున్నాడని ఆ హాల్లో ఒక్కళ్ళకీ గుర్తు రాలేదు. మగపిల్లలకి చంకపిల్ల ఉండదు కదా.

అక్క పుస్తకం మూసి బెంచీ మీద పెట్టింది. లేచి వచ్చింది. ఈసారి నా వైపు చూసింది, కోపంగా కాదు, నేనెవరో గుర్తుపట్టడానికన్నట్టు. చెల్లెల్ని ఎత్తుకుని కొంగుతో మూతి తుడిచింది. అది ఆపేసింది. "ముసలమ్మ వచ్చేసిందిరోయ్" అన్నాడు అయిదో కిటికీ నుంచి ఎవడో. పంతులుగారు బెత్తం తీసుకున్నారు. పాఠాలు మొదలయ్యాయి.

సాయంత్రం అమ్మకి అక్కే చెప్పింది. అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసి, "సరే అయితే" అంది. అంతే.

రెండేళ్ళ తర్వాత మా హాల్లోనే, బలిపీఠం ముందు, అక్కకి పెళ్ళయింది. ఎడ్లపాడు వాళ్ళే. పీఠం ముందు నిలబడితే అయిదో కిటికీ వెలుగు సరిగ్గా మీద పడుద్ది. పెళ్ళిరోజు అక్క తెల్ల చీర ఆ వెలుగులో మెరిసిపోయిందని ఎక్కడో రాశాను. చీర తెల్లది కాదు. మబ్బేసి ఉంది.

ఆ బోర్డింగు లాంటిదే మగపిల్లలకి ఇంకోటుంటే నేను దానికి పోయాను, చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. అక్క ఎడ్లపాడులో చేలల్లోకి పోయింది. ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. మా పల్లెకి వచ్చినప్పుడల్లా పూజకి గుమ్మం పక్కనే కూచునేది. ముందుకి రమ్మంటే, "ఇక్కడే బాగుందిలేరా" అనేది.

ఆమె పెళ్ళయిన జూన్‌లో నేను అయిదో కిటికీకి వెళ్ళాను. అదే బెంచీ. అక్కడి నుంచి చూస్తే గుమ్మం తెల్లగా మండుతున్నట్టుంటుంది, లోపలికొచ్చే పిల్లలు దగ్గరయ్యేదాకా ఎవరో తెలియరు. ఒకటో కిటికీ కింద చిన్నాళ్ళు అప్పటికే గోల మొదలుపెట్టారు. పంతులుగారు రెండుసార్లు అటు తిరిగి అరిచారు, గొంతు పలకలేదు.

అప్పుడు మా వీధి చివరింటి పిల్ల లోపలికొచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. చంకలో తమ్ముడు. ఫాదరుగారు వాచకమిచ్చారు. తడుముకోకుండా చదివింది. "చానా బాగా చదివావు తల్లీ" అన్నారు ఫాదరుగారు. పంతులుగారు వంగి ఆయన చెవిలో చెప్పారు, ఫాదరుగారు తలూపి వేలు చూపించారు.

ఆ పిల్ల ఒకటో కిటికీ కింద కూచుని తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుంది. పంతులుగారు ఒక్క క్షణం చూసి, ఆ కిటికీకి వీపు తిప్పి, మా వైపు నడిచారు.